టేపక్క కొలిచిన ఆసుపత్రి

టేపక్క మా ఆసుపత్రి కమిటీలో చేరింది ఆసుపత్రిని బాగు చేయడానికి కాదు. ఈ మాట నేనంటున్నది కాదు, మొదటి సమావేశంలోనే సూపరింటెండెంటు గారి ముఖం మీద ఆమే అంది. ఒకే ఒక్క మనిషిని మా గుమ్మం దాటించి లోపలికి తీసుకురావాలి, అదీ ఆమె పంతం. ఆ మనిషి ఆమె ఆడపడుచు. ఆ ఆడపడుచుని గుమ్మం బయటే ఆపేసింది నేను. ఈ చివరి సంగతి నా బుర్రకెక్కడానికి మాత్రం నెల పట్టింది.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి, లేకపోతే కథ నడవదు. నేను పాతికేళ్ళుగా అవుట్‌పేషెంట్ కౌంటరులో గుమాస్తాని. స్టాఫంతా నాకు పెట్టిన పేరు మైకు. మా దగ్గర మంగళవారం రొమ్ము క్లినిక్కు, అదే రోజు ఎముకల క్లినిక్కు. పొద్దున తలుపులు తీసేసరికి రెండు వందల మంది ఒకే హాల్లోకి తోసుకొస్తారు. వాళ్ళని విడగొట్టలేక తల ప్రాణం తోకకొచ్చేది. పదకొండేళ్ళ కిందట నేనొక ఉపాయం కనిపెట్టాను. కౌంటరు ముందుకొచ్చి నిలబడి, "ఎముకల వాళ్ళు కుడి లైను! రొమ్ము వాళ్ళు ఎడమ లైను!" అని ఒక్క కేక వేస్తే చాలు, ఐదు నిమిషాల్లో హాలు సర్దుకునేది. అప్పటి సూపరింటెండెంటు మురిసిపోయి నాకు సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. దానికి అద్దం కట్టించి కౌంటరు వెనక గోడకి తగిలించుకున్నాను.

ఇక టేపక్క. బజారు చివర మెట్ల కింద ఆమె కుట్టుషాపు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నిలువెత్తు అద్దం. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. భర్త పోయాక ఆయన చెల్లెలితో కలిసి షాపు నడుపుతోంది. వదిన కత్తిరిస్తుంది, కుడుతుంది. మరదలు కాజాలు, గుండీలు, చేతిపని. వదినా మరదళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకుంటాం గానీ, ఈ ఇద్దరూ ఒకే కంచంలో తిని ఒకే చాప మీద పడుకునే రకం. టేపక్కకి రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఏడాది పొడుగునా, ప్రతి పరీక్షకీ, ప్రతి మందు ఎక్కించుకునే రోజుకీ, తోడొచ్చింది ఆ ఆడపడుచే. టేపక్క లోపలుంటే ఆమె బయట బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వదిన బాగుపడింది. మళ్ళీ మిషనెక్కింది.

ఆ తర్వాత ఏడాదిన్నరకి, ఒకరోజు గుండీ కుడుతూ దారం కొరికి, తల ఎత్తకుండానే ఆడపడుచు అంది:

"వదినా, నాకూ ఏదో తగులుతోంది."

"ఎక్కడ?"

"నీకున్న చోటే. నెలయింది."

టేపక్క కత్తెర కింద పడేసి లేచింది. "పద. ఇప్పుడే పద."

"రాను."

"రాకపోవడమేంటే? నేను బతికి నీ ఎదురుగా కూర్చున్నాను కదా!"

"నువ్వు లోపలుండేదానివి వదినా. బయట కూర్చుని అన్నీ చూసింది నేను. ఆవిడ కేక వెయ్యగానే నువ్వు ఎడమ లైనులోకి నడిచావు చూడు, హాల్లో మగాళ్ళందరి కళ్ళూ నీ గుండెల మీదే. ఆ వెనకంతా తెరుచుకుపోయే గౌనేసి, క్యాంటీను ముందు నుంచి నడిపించుకెళ్ళారు. నువ్వు భయంలో చూసుకోలేదు. నేను చూశాను. ఆ కేక ఆగిన రోజు చెప్పు, వస్తా."

ఆ కేక ఎప్పటికీ ఆగదనే ధీమాతోనే ఆ మాట అంది. టేపక్క బతిమాలింది, తిట్టింది, రెండు రోజులు మాట్లాడటం మానేసింది. వేరే ఊళ్ళో ఆసుపత్రికి పోదామంది. "అక్కడ ఎంత గట్టిగా అరుస్తారో ఎవరికి తెలుసు" అంది ఆడపడుచు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు కొత్త సూపరింటెండెంటు వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి. రొమ్ము క్లినిక్కు బాగుపడాలంటే రోగులు కూడా కమిటీలో కూర్చోవాలని పట్టుబట్టింది. సర్జన్ గారికి అది మింగుడుపడలేదు. ఆయన హస్తవాసి గొప్పది, ఓపిక తక్కువ. "ఇద్దర్ని ఎంచండి" అని పని నా మీద పెట్టారు. నేను అభిప్రాయాల ఫారాలు ముందేసుకుని, తలనొప్పి తెచ్చిపెట్టని వాళ్ళ కోసం వెతికాను. ఒకరు రిటైరైన టీచరమ్మ, ఫ్యాను తిరిగినా థాంక్స్ చెప్పే రకం. రెండో ఫారం టేపక్కది. ఇరవై ప్రశ్నలకీ 'చాలా బాగుంది' అని టిక్కు. నోట్లో నాలుక లేని మనిషి అనుకుని ఫోను చేశాను. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే.

మొదటి సమావేశంలో సూపరింటెండెంటు గారు గోడ మీద గుండ్రటి బొమ్మ చూపించింది. వందలో తొంభై ఏడు మంది చాలా బాగుందన్నారట. ఆ ఫారాలు పంచి, నింపించి, వసూలు చేసింది నేనే కాబట్టి కాస్త నిటారుగా కూర్చున్నాను.

"అందులో ఒక టిక్కు నాది," అంది టేపక్క. "ఫారం ఇచ్చింది ఈ మేడమ్. పెన్నిచ్చింది ఈ మేడమ్. నింపేదాకా పక్కనే నిలబడింది కూడా ఈ మేడమే. నా ఫైలేమో ఆవిడ చంకలో ఉంది. మీరైతే ఏమని టిక్కు పెడతారండీ?"

టీచరమ్మ మెల్లగా, "నేనూ అంతే పెట్టానమ్మా" అంది. నాకు ఒళ్ళు మండింది. పెన్ను లేదంటే ఇచ్చాను, అదీ తప్పేనా?

"మరి ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదే?" అన్నాడు సర్జన్ గారు.

"మా షాపులో కొత్త చొక్కా వేసుకుని అద్దం ముందు నిలబడి, బాగుందా అంటే అందరూ బాగుందనే అంటారు సార్. ఇంటికెళ్ళి బీరువాలో పడేస్తారు. మళ్ళీ మన గడప తొక్కరు. అందుకే నేను అడగను. చేతులు పైకెత్తమంటాను, వంగమంటాను, కూర్చోమంటాను. అప్పుడు చంకలో ఎక్కడ పట్టేస్తోందో వాళ్ళు చెప్పక్కర్లేదు, నాకే కనబడుద్ది. మీరు మమ్మల్ని అద్దం ముందు నిలబెట్టి అడిగారు, అంతే."

ఆ తర్వాతే ఆడపడుచు సంగతి చెప్పింది. "నేను మీ ఆసుపత్రిని ఉద్ధరించడానికి రాలేదు. మా ఇంట్లో ఒక మనిషి గడ్డ పెట్టుకుని కూర్చుంది, మీ గుమ్మం తొక్కనంటోంది. ఎందుకనేది ఒక్కొక్కటే చెప్తా. ఒక్కొక్కటే తీసెయ్యండి. త్వరగా."

మొదట గౌను చెప్పింది, తర్వాత నడవ. కేక సంగతి ఆ రోజు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని చాలా రోజుల తర్వాత అడిగితే, "కుట్టు విప్పేటప్పుడు గట్టి ముడి ఆఖర్న విప్పుతాం" అని నవ్వింది.

గౌను పని ఆదివారానికల్లా తేల్చేసింది. రొమ్ము చూపించుకునే మనిషికి గౌను వెనక తెరుచుకోవడమేంటన్నది ఆమె మొదటి ప్రశ్న. మేమెవరమూ పాతికేళ్ళలో ఆ ప్రశ్న వేసుకోలేదు. ముందు తెరుచుకునేట్టు, ఒక పక్క విప్పితే రెండో పక్క కప్పే ఉండేట్టు కుట్టి తెచ్చింది. లాండ్రీ ఆయన చూసి పెదవి విరిచాడు. నాడాలు మిషన్లో చిక్కుపడతాయట. టేపక్క లాండ్రీకే పోయి, ఆవిరిలో రెండు గంటలు కూర్చుని బట్టలు తిరగడం చూసి, గుండీలు పెట్టి తెచ్చింది. గుండీలు పగిలిపోయాయి. మూడోసారి గుండీలూ తీసేసి, పొట్టి వెడల్పాటి పట్టీ ఒకటే, రెండు కొసలూ కుట్టేసి, దాంట్లోంచి అంచు దూర్చుకునేట్టు చేసింది. లాండ్రీ ఆయన యాభైసార్లు ఉతికించి, "అక్కా, నాకూ ఒకటి కుట్టవా" అన్నాడు.

నడవ దగ్గర వచ్చింది అసలు చిక్కు. బట్టలు మార్చుకునే గది నుంచి ఎక్స్‌రే గదికి చుట్టూ తిరిగి అరవై నాలుగు అడుగులు, మధ్యలో క్యాంటీను. రెండు గదులూ పక్కపక్కనే ఉన్నాయి కదా, మధ్య గోడకి తలుపు పెట్టండి అంది టేపక్క. ఇంజినీరు చేతులెత్తేశాడు. "అది బరువు మోసే గోడమ్మా. ముట్టుకుంటే పై అంతస్తు మన నెత్తిమీదుంటుంది." ఆమె సరే అని తలూపి, మెడలో టేపు తీసి లోపలి నుంచి రెండు గదులూ కొలిచింది. బయట నడవలోంచి మళ్ళీ కొలిచింది. చీటీ మీద కూడికలు వేసుకుంది.

"ఇంజినీరు గారూ, నాకు చదువు తక్కువ. లోపల కొలిస్తే ముప్పై ఒక్క అడుగులు. బయట కొలిస్తే ముప్పై ఆరు. ఐదడుగుల గోడ ఉంటదాండీ ఎక్కడైనా?"

ఇంజినీరు పాత ప్లాను తెప్పించాడు. చివరికి తేలిందేమంటే, అది బరువు మోసే గోడే కాదు, ఆ మధ్యలో ఒక సామాన్ల కొట్టు ఉంది. దాని తలుపుకి అడ్డంగా ఎప్పుడో బీరువా పెట్టేశారు, తాళం పోయింది, ఆ కొట్టుందన్న సంగతే అందరూ మరిచిపోయారు. లోపల నలభై విరిగిన కుర్చీలు. అటొక తలుపు, ఇటొక తలుపు ఇచ్చేసరికి బట్టలు మార్చుకున్న మనిషి ఇక బయట కాలు పెట్టే పనే లేకపోయింది. ఐదు అడుగుల్లో పరీక్ష గది. సర్జన్ గారు ఆ తలుపుని నాలుగుసార్లు తీసి, వేసి చూశాడు. ఆ రోజు నుంచి ఆమెని 'అమ్మా' అనడం మొదలుపెట్టాడు.

నాలుగో వారం సమావేశంలో గట్టి ముడి మీద చెయ్యి వేసింది.

"ఇంక కేక మిగిలింది," అంది నా వైపు తిరిగి.

నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. "ఆ కేక లేకపోతే హాలు సంతవుతుంది! పదకొండేళ్ళు గొంతు చించుకున్నాను మీకోసమే. ఎవరైనా ఒక్క మాటన్నారా?"

"అనలేదు మేడమ్. నేనూ అనలేదు. ఒక ట్రయల్ వేద్దామా? మంగళవారం మీరు హాల్లో జనంలో నిలబడండి. కౌంటరు దగ్గర నేనుంటా."

ఓస్, ఇంతేనా అనుకున్నాను. మంగళవారం చేతిసంచీ తగిలించుకుని జనం మధ్యలో నిలబడ్డాను, లోపల్లోపల నవ్వుకుంటూ. టేపక్క కౌంటరు ముందుకొచ్చింది. నా గొంతు ముందు ఆమె గొంతు ఏపాటి? అయినా అరిచింది. "రొమ్ము వాళ్ళు ఎడమ లైను!"

నాకు ఏ జబ్బూ లేదు. అది నాటకమని నాకు తెలుసు. అయినా నా కాళ్ళు కదల్లేదు. రెండు వందల మందిలో ఎవరెవరు ఎడమకి జరుగుతారా అని అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. పదకొండేళ్ళుగా నేను కౌంటరు వైపు నుంచి చూశాను గనక నాకు లైనే కనబడింది, ఆ చూపులు కనబడలేదు. బలవంతాన నాలుగడుగులు వేశాను. కుడి లైనులో కాలికి కట్టుతో మా పక్కింటాయన. నా ముఖం చూశాడు, చూపు కిందికి దించాడు, చటుక్కున గోడ వైపు తిరిగాడు. సంచీ ఎప్పుడు గుండెలకి హత్తుకున్నానో నాకే తెలియదు.

అంతటితో అయిపోలేదు. మధ్యాహ్నానికి పక్కింటావిడ మా ఇంటికి ఫోను చేసి, "అయ్యో, వదినగారికి ఇలా అయిందని చెప్పనేలేదే" అని మా ఆయన్ని ఓదార్చింది. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి వీధి వీధంతా నా మీద జాలిపడుతోంది. మా ఆయన నన్ను చూడగానే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకేమీ లేదని నమ్మించేసరికి అన్నం వేళ దాటింది. ఒక్క కేకకి నా బతుకు ఇంత బజారున పడితే, పదకొండేళ్ళ మంగళవారాల్లో ఎంతమందిని బజారున పెట్టాను? సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి గోడ మీది సర్టిఫికెట్ దించేశాను.

కేక స్థానంలో ఏం పెట్టాలన్నది నేనే ఆలోచించాను. మొదట రంగు చీటీలన్నాను. "రంగు కూడా కేకే మేడమ్, కళ్ళతో వినబడుద్ది" అంది టేపక్క. చివరికి అందరికీ ఒకే రకం చీటీలు, వరస నంబర్లు. నంబరు పిలిస్తే కౌంటరుకి రావాలి, ఏ గదికి వెళ్ళాలో నేను చెవిలో చెప్పాలి. చెవిలో! నేను! మొదటి మంగళవారం నిజంగానే సంతయింది. సర్జన్ గారు మూడుసార్లు బయటికొచ్చి కేకలేశాడు, ఆయన్ని నేనే "ష్" అన్నాను. మూడో మంగళవారానికి గాడిన పడింది. ఫారాలూ మార్చాం. ఇప్పుడవి ఇంటికి పట్టుకెళ్ళి నింపి, పేరు రాయకుండా పెట్టెలో వేస్తారు. తొంభై ఏడు కాస్తా యాభై రెండయింది. సూపరింటెండెంటు గారు దాన్ని చూసి, "ఇదీ లెక్కంటే" అని సంతోషించింది. పెద్దవాళ్ళ మాటలు, నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కావు.

అన్నీ మారాయి. ఆడపడుచు మాత్రం రాలేదు.

"కేక ఆగిందే" అని టేపక్క చెబితే, "నన్ను తీసుకెళ్ళడానికి ఎన్ని అబద్ధాలైనా చెప్తావు" అందట. ఎనిమిది వారాలు గడిచాయి. ఒకరోజు సమావేశం అయ్యాక టేపక్క నా కౌంటరు పక్కన స్టూలు మీద కూలబడింది. మనిషి సగమైపోయింది.

"గౌను మారింది. గోడ మారింది. ఆఖరికి మీరు కూడా మారారు మేడమ్. అది మాత్రం మారట్లేదు," అని మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇన్ని వారాల్లో ఆమె కంట నీరు చూడడం అదే మొదలు. ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. లోపల మాత్రం నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఆ పై మంగళవారం. హాలు నిండుగా ఉంది. నలభై ఏళ్ళు దాటిన ఒకామె కౌంటరు దగ్గరికి వచ్చింది. వేళ్ళ చివర సూది గుచ్చుకున్న గరుకు, ఒంటి మీద నీటుగా కుట్టిన రవిక. చేతిలో చీటీ లేదు.

"ఒక మాట అడగొచ్చా అండీ? ఇక్కడ గట్టిగా అరిచే ఆవిడ ఒకరుండేవారు. మానేశారా? బదిలీ అయ్యారా?"

ఎవరో నాకు అర్థమైపోయింది. అవును, బదిలీ అయిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"బదిలీ అవలేదమ్మా. నేనే."

ఆమె చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. తిరిగి వెళ్ళిపోతుందనుకున్నాను. "మూడు మంగళవారాల నుంచీ వస్తున్నా," అంది. "ఆ మూల బెంచీ మీద కూర్చుని వింటున్నా. అప్పట్లో జనం వెనక నుంచి మీ గొంతే విన్నా, ముఖం చూడలేదు. వదినకి తెలీదు. ఇవాళ అరుస్తారు, ఇవాళ అరుస్తారు అని చూశా."

"ఇంక అరవనమ్మా. తప్పయిపోయింది."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్కదాన్నే వచ్చాను. లోపలికి కాస్త తోడొస్తారా?"

కౌంటరు వదిలేశాను. పక్క సీటు కుర్రదాని మీద చీటీల కట్ట పడేసి, ఆమె చెయ్యి పట్టుకున్నాను. గౌను తొడిగి పట్టీలోంచి అంచు దూరుస్తుంటే ఆమె కుట్లు తడిమి, "ఇది వదిన చెయ్యి" అంది. కొత్త తలుపులోంచి ఐదడుగులు నడిచాం. బయటి ప్రపంచానికి ఆమె ఎక్కడుందో తెలియనే తెలియదు. పరీక్షలయ్యాక టేపక్కకి ఫోను చేశాను. ఒక కాలికి ఒక జత చెప్పు, ఇంకో కాలికి ఇంకో జత చెప్పు వేసుకుని పరిగెత్తుకొచ్చింది.

"చెప్పకుండా వస్తావా?" అని అందరి ముందూ కోప్పడింది.

"నువ్వు కమిటీలో నాకు చెప్పి కూర్చున్నావా?" అంది ఆడపడుచు. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకుని నవ్వుతూ ఏడ్చారు. వాళ్ళని విడదీయడం నా వల్ల కాలేదు, నేనూ మధ్యలో దూరాను.

వారానికల్లా ఫలితం వచ్చింది. ఆమెది క్యాన్సరే. గింజంత. చంకలోకి పాకలేదు. ఆపరేషను, ఆ తర్వాత మందులు, అన్నీ అయి ఇప్పటికి మూడేళ్ళు. నిన్న కూడా షాపులో చూశాను, కాజాలు కుడుతూ వదినతో పోట్లాడుతోంది. కానీ నేను చెప్పదలచుకున్నది ఆ ఫలితం రోజు సంగతి.

సర్జన్ గారు ఆ రోజు కంగారుపడకుండా కూర్చుని, విడమరిచి చెప్పాడు. ఒక పక్క టేపక్క, ఒక పక్క నేను. మధ్యలో ఆమె, నిటారుగా. "చాలా మంచి సమయంలో వచ్చారమ్మా. ఇంకో ఆరునెలలు ఆగితే మాట వేరేగా ఉండేది. పూర్తిగా నయమవుతుంది," అన్నాడు. ఫైలు మూస్తూ, రోగులందర్నీ అడిగే మాటే ఆమెనీ అడిగాడు, ఎవరు పంపించారని. టేపక్క నోరు తెరవబోయింది.

ఆడపడుచు వదిన చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఎవరూ పంపలేదండీ," అంది. "నేనే వచ్చాను."

టేపక్క ముఖం అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె గెలిచింది. సర్జన్ గారు కాయితం మీద అలాగే రాసుకున్నాడు: సొంతంగా వచ్చారు.